నోరు తెరవక ముందే మొదలయ్యే పరీక్ష

పన్ను నొప్పి వచ్చి మీరు దంత వైద్యశాలకు వెళ్ళారనుకోండి. అక్కడ వెనక్కి వాలే పెద్ద కుర్చీ, దాని మీద దీపం, పక్కన పళ్ళెంలో తళతళలాడే పనిముట్లు కనబడతాయి. వాటిని చూడగానే నొప్పి తగ్గిపోయిందని చెప్పి ఇంటికి తిరిగి వెళ్ళినవాళ్ళను నేనెరుగుదును. సరే, మీరు ధైర్యం చేసి కూర్చున్నారు. ఇప్పుడు మొట్టమొదట ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్న తొమ్మిదో తరగతిలో అడిగాను. ఇంచుమించు అందరూ ఒక్క గొంతుతో "నోరు తెరవమంటారు సార్" అన్నారు. వెనక బెంచీ వాడొకడు "పీకేస్తారు సార్" అన్నాడు. ఒకమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి "పేరూ ఊరూ రాసుకుంటారు" అంది. ఆమె చెప్పిందే నిజానికి దగ్గర. కొత్తగా వచ్చిన మనిషి నోటిని పరీక్షించే పని అద్దంతోనూ సూదితోనూ కాదు, కాగితం కలంతో మొదలవుతుంది. అందులో "ఊరు" అన్న మాటకు ఎంత విలువ ఉందో నాకు తెలిసివచ్చిన సంగతి ముందు చెబుతాను. అది నేను గర్వంగా చెప్పుకోదగ్గది కాదు.

సుమారు ముప్ఫై ఏళ్ళ నాటి మాట. ఉద్యోగంలో చేరిన కొత్త. నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి బడిలో సైన్సు చెబుతున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. కాని ఏ ప్రశ్న అడిగినా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పేవాడు. ఒకరోజు చెయ్యి తీయించి చూశాను. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, అక్కడక్కడ సుద్దలాంటి తెల్లని మచ్చలు. "ఏరా, పళ్ళు తోముకునే అలవాటు లేదా?" అన్నాను, అందరి ముందూ. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

వాడు రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వచ్చాడు. చిగుళ్ళు ఎర్రగా వాచి, పగిలి ఉన్నాయి. ఏమైందంటే, "ఇటుక పొడితో రుద్దిన సార్. అయినా పోతలేవు" అన్నాడు.

ఆ తరువాత కొన్నాళ్ళకు నలుగురైదుగురు పిల్లలను వెంటబెట్టుకుని పట్నంలో ఒక దంత వైద్యశాలకు వెళ్ళాను. అక్కడ కొత్తవారిని పరీక్షించే పని ఒక నడివయసు ఆవిడ చూస్తున్నారు. ఈ కుర్రవాడి వంతు వచ్చింది. వాడు అలవాటుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి తీయమనలేదు. కాగితం ముందుపెట్టుకుని, "మీదే ఊరు నాయనా?" అన్నారు. చెప్పాడు. "పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్నావా?" అవునన్నాడు. "చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవాళ్ళు?" "బోరింగు నీళ్ళు మేడం. మా ఊర్ల అందరి పండ్లు గిట్లనే ఉంటయి." ఆ తరువాతే నోరు తెరవమన్నారు. చూశారు, కొనదేలిన పనిముట్టుతో పంటి మీద మెల్లగా గీసి చూశారు. నా వైపు తిరిగి, "మాస్టారూ, ఇది పాచీ కాదు, గారా కాదు. ఈ పన్ను చిగురులోంచి బయటకు రాకముందే, లోపల తయారయ్యేటప్పుడు పడిన మచ్చ. జన్మంతా తోమినా పోదు. ఈ పిల్లవాడు పళ్ళు బాగానే తోముకుంటున్నాడు" అన్నారు.

నేను తల దించుకున్నాను. మర్నాడు తరగతిలో ఆ మాటే అందరి ముందూ చెప్పి, ఫ్లోరిన్ పాఠం మళ్ళీ మొదలుపెట్టాను.

ఆవిడ చేసిన పనిని గమనించారా? నేను చూసింది మచ్చ. ఆవిడ చూసింది మచ్చ, దాని చోటు, వయసు, ఊరు, నీరు. పరీక్ష అంటే అదే.

ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధి గుట్టు బయటపడిన తీరు కూడా ఇలాంటిదే. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో వైద్యం ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళలో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు. పెద్దయ్యాక వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ళకు లేవు. నీళ్ళలో ఏదో ఉందని ఆయన అనుమానించాడు. ఆ 'ఏదో' ఏమిటో తేలడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అలాంటి నీళ్ళను పరీక్షించి అందులో ఫ్లోరైడు ఎక్కువగా ఉందని కనుగొన్నాడు. మన దేశంలో ఈ వ్యాధి సంగతి మొదటిసారి శాస్త్రలోకానికి తెలిసింది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా నుంచి. అంటే మన తెలుగు నేల నుంచే.

పెద్దయ్యాక వచ్చినవాళ్ళకు మచ్చలు ఎందుకు లేవు? పంటి మీద పింగాణి పొర ఒకసారే తయారవుతుంది. జ్ఞానదంతాలు మినహా మిగతా శాశ్వత దంతాల పింగాణి, మనం పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదో ఏటి వరకు దవడ ఎముకలోనే రూపొందుతుంది. ఆ కాలంలో తాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువైతే పింగాణి సరిగా గట్టిపడదు. ఆ తరువాత ఎంత ఫ్లోరైడు తాగినా ఎముకలకు హాని కలుగుతుందేమో గాని, పంటి మీద కొత్త మచ్చ రాదు. కనుక పళ్ళు చూసి మనిషి బాల్యం ఎక్కడ గడిచిందో కొంతవరకు చెప్పవచ్చు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండటం మంచిదనీ, వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఉండవచ్చుననీ మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. నల్లగొండ పేరుతోనే ఒక శుద్ధి పద్ధతి ఉందని మీకు తెలుసా? నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించినది. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును అడుగుకు దించుతారు. ఇప్పుడు ఆ జిల్లాలో చాలా ఊళ్ళకు కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. ఆ పిల్లవాడి ఊరికీ వచ్చాయి. వాడి పళ్ళకు మాత్రం ఆలస్యమైపోయింది.

ఫ్లోరోసిస్ మచ్చను మిగతా వాటి నుంచి ఎలా వేరు చేస్తారు? కుడి ఎడమ జంట పళ్ళు ఒకే కాలంలో తయారవుతాయి కదా. అందువల్ల ఈ మచ్చలు రెండువైపులా ఒకేలా, అడ్డంగా చారలు తీరినట్టు ఉంటాయి. పిప్పి పన్ను అలా కాదు. అది నమిలే పళ్ళ మీద గాడిలోనో, పంటికీ పంటికీ నడుమ సందులోనో మొదలవుతుంది. పొగాకు మరక లోపలివైపు ఎక్కువ. ఇక గార సంగతి చూడండి. కింది ముందు పళ్ళకు నాలుక వైపున, పై దవడ పళ్ళకు బుగ్గ వైపున ఎక్కువగా పడుతుంది. ఆ రెండు చోట్లా లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకుంటాయి. లాలాజలంలోని కాల్షియం లవణాలు పాచి మీద పేరుకుని, అది రాయిలా గట్టిపడితే అదే గార. పాచిని బ్రష్షు తీస్తుంది. గారను తీయలేదు, దానికి పనిముట్టు కావలసిందే. మన పెద్దలు ఈ రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టారు, చూశారా!

ఇంతకూ ఈ పని చేసేవారు ఎవరు? దంతవైద్యుడే చేయవచ్చు. మన దగ్గర చాలా చోట్ల ఆయనే చేస్తాడు. కాని ఇందుకోసమే శిక్షణ పొందినవారు ఉన్నారు. వారిని డెంటల్ హైజీనిస్టులు అంటారు. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన సహాయకురాలు ఐరీన్ న్యూమన్‌కు ఈ పని నేర్పాడు. 1913లో తన కారు షెడ్డులోనే తరగతులు పెట్టి మరికొంతమందికి నేర్పాడు. అలా నేర్చుకున్నవాళ్ళు ఆ ఊరి బడులకు వెళ్ళి పిల్లల పళ్ళు శుభ్రం చేశారు. మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది.

ఇప్పుడు మళ్ళీ కాగితం దగ్గరకు వద్దాం. ఊరూ పేరూ అయ్యాక వచ్చే ప్రశ్నలు విచిత్రంగా ఉంటాయి. గుండె జబ్బు ఉందా? షుగరు ఉందా? రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు? ఏ మందైనా పడదా? దెబ్బ తగిలితే రక్తం త్వరగా ఆగుతుందా? పన్ను చూపించుకోవడానికి వస్తే గుండె సంగతెందుకు అని విసుక్కునేవాళ్ళు ఎందరో.

ఎందుకో చెబుతాను. గార తీసేటప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. ఆ సన్నని గాయాల గుండా నోటిలోని బాక్టీరియా కొన్ని రక్తంలోకి చేరతాయి. ఆరోగ్యవంతుల్లో మన రక్షక కణాలు వాటిని కొద్దిసేపట్లో పట్టేస్తాయి. కాని కృత్రిమ కవాటం అమర్చిన గుండెలోనో, ఇంతకు ముందు లోపొర వాచిన గుండెలోనో అవి స్థిరపడితే ప్రాణానికే ముప్పు. అలాంటివారికి వైద్యుడు ముందుగానే ఆంటీబయాటిక్ ఇస్తాడు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోయినా, అడిగినప్పుడు రోగి దాచినా ఏమవుతుందో ఊహించండి.

మాత్రల సంగతి కూడా అంతే. మూర్ఛ జబ్బుకు ఫెనిటాయిన్ అనే మందు ఉంది. అది వాడేవారిలో కొందరికి చిగుళ్ళు పెరిగి పళ్ళ మీదికి వస్తాయి. చూసినవాళ్ళు అదేదో పంటి రోగమనుకుంటారు. మాత్రల సంగతి అడిగితేనే అసలు కారణం తెలుస్తుంది. అలాగని మందు మానేయకూడదు సుమా! మానేస్తే మూర్ఛ తిరగబెడుతుంది. మందు మార్చాలా వద్దా అన్నది అది రాసిచ్చిన వైద్యుడు నిర్ణయించాలి.

ఏం తింటారు అని కూడా అడుగుతారు. నిజానికి అక్కడ తెలుసుకోవలసింది ఎంత తీపి తిన్నారన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నది. చక్కెర తగలగానే పాచిలోని బాక్టీరియా ఆమ్లం తయారుచేస్తాయి. పాచిలో పి.హెచ్. విలువ సుమారు 5.5 కంటే పడిపోతే పింగాణిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలు స్థితికి తేవడానికి అరగంటో ఇంకా ఎక్కువో పడుతుంది. పది చాక్‌లెట్లు ఒకేసారి తిన్నవాడి కంటే గంటకొకటి చొప్పున పదిసార్లు తిన్నవాడి పళ్ళకే ఎక్కువ ముప్పు. మీ తమ్ముళ్ళకు ఈ రహస్యం చెప్పేటప్పుడు జాగ్రత్త. పది ఒకేసారి ఇమ్మంటారు!

కాగితం పని అయ్యాక, రక్తపు పోటు చూస్తారు. అప్పుడు కూడా నేరుగా నోట్లోకి వెళ్ళరు. ముఖం రెండు వైపులా సమానంగా ఉందా, దవడ కింద శోషరస గ్రంథులు వాచి తగులుతున్నాయా అని వేళ్ళతో తడుముతారు. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయమంటారు. మీరూ ఇప్పుడు చేసి చూడండి. దవడ కీలు కదలడం వేలికి తెలుస్తుంది.

అలాగే ఇంకొకటి చేయండి. మీ మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, పై కింది ముందు పళ్ళ మధ్య పెట్టండి. పట్టాయా? మామూలుగా పట్టాలి. గుట్కా, వక్కపొడి నమిలేవారిలో బుగ్గల లోపలి పొర క్రమంగా బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. మూడు వేళ్ళు రెండవుతాయి, తరువాత ఒకటవుతుంది. కారం తగిలితే మంట. దీనికి కారణం ముఖ్యంగా వక్క. ఈ వ్యాధి ఉన్నవారిలో కొందరికి క్యాన్సరు వస్తుంది. మీ వయసువాళ్ళు మెరిసే పొట్లాలు చింపుకుని నములుతుంటే నేను చూశాను. అందుకే ఈ పరీక్షను మీ స్నేహితుల మీద చేసి చూడమంటున్నాను. పట్టనివాడిని వెక్కిరించకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. అలవాటు మానితే ముదరకుండా ఉండే అవకాశం ఉంది.

నాలుకను గుడ్డతో పట్టుకుని పక్కకు లాగి అంచులు చూస్తారు. నాలుక కింద, బుగ్గల్లో, అంగిలి మీద చూస్తారు. తుడిచినా పోని తెల్లమచ్చ గాని, రెండు వారాలు దాటినా మానని పుండు గాని ఉంటే ఇక ఉపేక్షించరు, పెద్ద వైద్యుని దగ్గరకు పంపుతారు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో కొందరు స్త్రీలకు చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. 1971లో అచ్చయిన ఒక పరిశీలనలో శాస్త్రజ్ఞులు మన రాష్ట్రపు పల్లెల్లో పదివేల మందికి పైగా పరీక్షించి, ఈ అలవాటు వల్ల అంగిలి మీద వచ్చే మార్పులను నమోదు చేశారు. మీ నాయనమ్మకు ఆ అలవాటు ఉంటే ఒకసారి టార్చిలైటు వేసి ఆమె అంగిలి చూడండి. ఆమె తిట్టినా సరే.

చిగుళ్ళ రంగు గురించి ఒక మాట. ఆరోగ్యమైన చిగురు గులాబి రంగులో ఉంటుందని పుస్తకాలు రాస్తాయి. ఆ పుస్తకాలు ఎక్కువగా తెల్లవాళ్ళ నోళ్ళు చూసి రాసినవి. మన చర్మంలో లాగే మన చిగుళ్ళలోనూ మెలనిన్ ఉంటుంది. నల్లని లేదా గోధుమరంగు చిగుళ్ళు మనకు సహజం, జబ్బు కాదు. చూడవలసింది రంగు ఒక్కటే కాదు. అంచు పలచగా పంటికి అతుక్కుని ఉందా, ఉబ్బి మెరుస్తోందా, తాకితే రక్తం వస్తోందా అన్నది.

చిన్న అద్దం సంగతి వస్తే సైన్సు మాస్టారికి నోరు ఊరుకోదు. దంతవైద్యుడు పుటాకార దర్పణం వాడతాడని మేము మీకు చెబుతుంటాం. అది తప్పు కాదు, పెద్దగా కనబడటానికి అలాంటివీ ఉన్నాయి. కాని చాలా చోట్ల వాడేది సమతల దర్పణమే. మన ఇంటి అద్దానికి పూత వెనక ఉంటుంది. గాజు ముందు తలం నుంచి మరో మసక ప్రతిబింబం వస్తుంది. మిల్లీమీటర్లలో కొలిచే పనిలో అది చిక్కు. అందుకే మంచి నోటి అద్దాలకు పూత ముందు వైపే వేస్తారు. ఇక అద్దం నోట్లో పెట్టగానే ఊపిరిలోని నీటి ఆవిరికి మసకబారుతుంది కదా? లోపల పెట్టి బుగ్గకు కాసేపు ఆనిస్తారు. అద్దం వెచ్చబడితే ఆవిరి దాని మీద చల్లబడి నీరు కాదు. ఈ పనిముట్లన్నీ ముందే ఆటోక్లేవ్‌లో ఉడికి వస్తాయి. అది మన ప్రెషర్ కుక్కరుకు పెద్దన్న లాంటిది. పీడనం పెంచి 121 డిగ్రీల సెంటిగ్రేడు ఆవిరిలో పావుగంట ఉంచితే మొండి బాక్టీరియా బీజాలు కూడా చస్తాయి.

ఇప్పుడు పళ్ళ లెక్క. ప్రతి పంటికీ ఒక సంఖ్య ఉంది. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. మీ పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. ప్రతి భాగంలో మధ్య గీత నుంచి వెనక్కు 1 నుంచి 8 వరకు లెక్క. 1, 2 కుంతకాలు, 3 రదనిక, 4, 5 అగ్రచర్వణకాలు, 6, 7, 8 చర్వణకాలు. భాగం సంఖ్య ముందు, పంటి సంఖ్య తరువాత రాయాలి. కింది ఎడమ మొదటి చర్వణకం 36. దాన్ని ముప్ఫై ఆరు అనరు, "మూడు ఆరు" అంటారు. పాలపళ్ళకైతే భాగాలు 5 నుంచి 8 దాకా. అద్దం ముందు నిలబడి మీ పళ్ళకు సంఖ్యలు వేయండి. మీలో చాలామందికి 28 తేలాలి, ఎందుకంటే 8వ పన్ను, అంటే జ్ఞానదంతం, ఇంకా వచ్చి ఉండదు.

అందులో 6వ సంఖ్య పన్నును కాస్త జాగ్రత్తగా చూడండి. అది సుమారు ఆరో ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, వెనకవైపు నిశ్శబ్దంగా వస్తుంది. అది కూడా పాలపన్నే, పుచ్చితే పుచ్చనీ, ఎలాగూ ఊడుతుంది అనుకుంటారు తల్లిదండ్రులు. అది ఊడితే మళ్ళీ రాదు. మీ ఇంట్లో ఆరేడేళ్ళ చెల్లెలుంటే ఆమె నోట్లో వెతకండి.

చివరికి మిగిలింది నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష. పంటికీ చిగురుకూ మధ్య చుట్టూ ఒక సన్నని సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పాచి అందులో చేరి నిలవుంటే చిగురు వాచి, పంటిని పట్టుకున్న తంతువులు తెగి, కింది ఎముక అరిగి, ఆ సందు లోతవుతుంది. నొప్పి ఉండదు. అదే చిక్కు. నొప్పి లేకుండానే పన్ను కదిలే దాకా వస్తుంది. దాన్ని ముందే కనిపెట్టడానికి మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీ వాడతారు. కొన మొద్దుగా ఉంటుంది. సుమారు 20, 25 గ్రాముల బరువు మోపినంత మెల్లగా సందులోకి దించుతారు. ఒక్కొక్క పంటికి ఆరు చోట్ల కొలుస్తారు. 28 పళ్ళకు ఎన్ని కొలతలో లెక్కకట్టండి. 168!

కొన్నేళ్ళ క్రితం నా నోటికే ఈ పరీక్ష జరిగింది. పళ్ళు తోమితే రక్తం వస్తోందని నేను బ్రష్షు మానేసి, వేలితో పైపైన రుద్ది ఊరుకునేవాణ్ణి. సైన్సు మాస్టారినే! 1965లో డెన్మార్కులో హెరాల్డ్ లో అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ చేసిన ప్రయోగం నాకు తెలియనిదేమీ కాదు. చిగుళ్ళు బాగున్న 12 మంది చేత పళ్ళు తోమడం మానిపించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెడితే సుమారు వారంలో నయమయ్యాయి. అంటే రక్తం వస్తోందని తోమడం మానడం, మంట లేచిందని నీళ్ళు చల్లడం మానినట్టు. తెలిసీ అదే చేశాను.

కుర్చీలో వాలాను. పరీక్షించే అమ్మాయి అంకెలు పైకి చదువుతుంటే పక్కన ఇంకొకరు రాస్తున్నారు. "మూడు, రెండు, మూడు... రెండు, రెండు, మూడు..." వింటూ నిద్రపోయేవాణ్ణే. "మూడు ఆరు దగ్గర... అయిదు, నాలుగు, ఆరు. రక్తం." నాకు మెలకువ వచ్చింది. ఆమె కడ్డీ పక్కన పెట్టి, "సార్, షుగరు లేదని రాయించారు. ఎప్పుడు పరీక్ష చేయించారు?" అంది. ఎప్పుడూ చేయించలేదు. లేదని నేను అనుకున్నాను, అంతే. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" మా అమ్మకు ఉంది. "ఒకసారి చేయించండి సార్. షుగరు ఎక్కువుంటే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపు కావడం కష్టం."

చేయించాను. ఉంది. పంటి కోసం వెళ్ళి మధుమేహం తెలుసుకుని వచ్చాను. "లేదు" అన్న మాటకూ "తెలియదు" అన్న మాటకూ ఉన్న తేడా పాతికేళ్ళు విజ్ఞానశాస్త్రం బోధించిన నాకు ఒక చిన్న అమ్మాయి చెప్పింది. మీరు ఎప్పుడైనా ఆ కాగితం నింపవలసివస్తే, తెలియనివాటి దగ్గర తెలియదనే రాయండి. ఇంటి దగ్గరే అమ్మను అడిగి, చిన్నప్పుడు వచ్చిన పెద్ద జబ్బులు, పడని మందులు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళండి. మాత్రల అట్టే పట్టుకెళ్ళినా సరిపోతుంది.

ఆమె నా పళ్ళకు ఒక రంగుమందు పూసి చేతికి అద్దం ఇచ్చింది. పాచి ఉన్నచోటల్లా ఎర్రబడింది. చెప్పుకుంటే సిగ్గుచేటు, బోర్డు మీద ఎర్ర సుద్దతో గీసినట్టుంది. ఇంట్లో మీరు బీట్‌రూట్ ముక్క నమిలి, నీళ్ళతో ఒకసారి పుక్కిలించి అద్దంలో చూసుకోండి. అంత స్పష్టంగా కాకపోయినా కొంతవరకు తెలుస్తుంది. రంగు ఎక్కువగా నిలిచే చోటు చిగురు అంచు, పళ్ళ మధ్య సందులు. బ్రష్షును అక్కడికి వాల్చి, మెత్తగా కదపాలి. ఇటుక పొడి, బొగ్గు పొడి వద్దు. అవి పింగాణిని అరగదీస్తాయి.

గార తీశారు, షుగరుకు మాత్రలు మొదలయ్యాయి, రోజూ రెండుసార్లు నా వంతు పని నేను చేశాను. మూడు నెలల తరువాత మళ్ళీ అదే కుర్చీ, అదే కడ్డీ, పాత కాగితం పక్కన కొత్త కాగితం. ఈసారి నిద్రపోకుండా విన్నాను. "మూడు ఆరు... మూడు, మూడు, నాలుగు." రక్తం అన్న మాట వినబడలేదు. అరిగిన ఎముక తిరిగి రాదని చెప్పి, ఆ నాలుగు అన్న అంకె చుట్టూ సున్నా చుట్టి, మరో మూడు నెలలకు తేదీ రాసి ఇచ్చింది.